పదకొండు నిమిషాలు

సెలూన్‌లో గోడ గడియారం మూడూ పదిహేడు చూపించగానే అందరూ లేచి నిలబడ్డారు.

అందరూ అంటే నలుగురే. బస్సు డ్రైవరు, ఎలక్ట్రీషియన్, రిటైరైన లెక్కల మాస్టారు, సెలూన్ నడిపే బాబాయ్.

ఒకప్పుడు ఇదే రోజున వీధి చివరిదాకా జనం నిలబడేవాళ్లు. కార్ల పందాల వీరుడు తూనీగ ప్రమాదంలో పోయి ఇరవై రెండేళ్లయింది. అభిమానుల్లో కొందరు పోయారు, కొందరికి మోకాళ్లు పోయాయి, మిగిలినవాళ్లకి వేరే హీరోలు దొరికారు.

తూనీగ అన్నది అసలు పేరు కాదు. పసుపు కారులో మలుపులు తిరిగే తీరు చూసి జనం పెట్టుకున్న ముద్దుపేరు.

నలుగురూ తలలు వంచుకున్నారు. కుర్చీలో ఒక చెంప గీయించుకుని, రెండో చెంప నిండా సబ్బు నురగతో ఉన్న ముసలాయన మాత్రం లేవలేదు.

కొన్ని క్షణాలు గడిచాయి. బస్సు డ్రైవరు ఆయనకేసి చూశాడు.

"ఏమండీ, కాళ్లు పనిచేయవా?"

"పనిచేస్తాయి బాబూ."

"మరి మేమంతా లేచింది దేనికనుకున్నారు? గోడకి సున్నం వేయడానికా?"

"ఇంకా టైముంది" అన్నాడు ముసలాయన మెల్లగా. "పదకొండు నిమిషాలు."

బస్సు డ్రైవరుకి ఒళ్లు మండింది.

"బాబాయ్, విన్నావా? ఈయన మనకి టైం నేర్పుతున్నాడు! కారు గోడకి కొట్టుకుంది మూడూ పదిహేడుకని చిన్నపిల్లాడినడిగినా చెబుతాడు."

ఆ రోజు బాబాయ్ పందెం చూస్తూ గ్యాలరీలోనే ఉన్నాడు. అక్కడికక్కడే ప్రాణం పోయిందని మైకులో చెప్పారు, అందరినీ వెళ్లిపొమ్మన్నారు. ఏడుస్తూ ఇల్లు చేరాడు.

భార్య పోయినప్పుడు ఆమె తల అతని ఒళ్లోనే ఉంది. కొట్టు వెనక గదిలో ఒంటరిగా బతుకుతున్న మనిషికి మిగిలిన ఊరట అదొక్కటే. అందుకే తూనీగ విషయంలో ఒకటే బెంగ. "అంతమందికి కావలసినవాడు, పక్కన ఒక్క మనిషి లేకుండా పోయాడే!" ఈ మాట వినకుండా ఆ కొట్లో గడ్డం గీయించుకుని బయటపడ్డవాళ్లు లేరు.

ముసలాయన అద్దంలోంచి బాబాయ్‌నే చూస్తున్నాడు.

"మీకొక మాట చెబుదామని వచ్చాను."

"ముందు లేచి నిలబడండి. తర్వాత చెబుదురుగాని" అన్నాడు బాబాయ్.

"ఇప్పుడు వద్దు బాబూ. ఇప్పుడు నిలబడితే అతను పోయినట్టే కదా."

మాస్టారు నోరు తెరిచాడు. ఎలక్ట్రీషియన్ పకాలున నవ్వాడు.

"పిచ్చో, వెటకారమో మరి!" అన్నాడు బస్సు డ్రైవరు. "తూనీగ గురించి మనకంటే ఎక్కువ తెలిసినట్టు!"

బాబాయ్ ముసలాయన మెడకి కట్టిన గుడ్డ లాగేశాడు.

"వెళ్లండి. మీ గడ్డం నేను గీయను."

ముప్పై అయిదేళ్లుగా కత్తి పట్టినవాడు, సగం గడ్డంతో మనిషిని బయటికి పంపడం అదే మొదటిసారి.

ముసలాయన ఏదో చెప్పబోయి నలుగురి మొహాలూ చూశాడు. నురగ చొక్కా చేతికి తుడుచుకుని, చెప్పులు వేసుకుని వెళ్లిపోయాడు.

ఎక్కువ దూరం పోలేదు. ఎదురుగా మూసి ఉన్న కొట్టు మెట్టు మీద కూర్చుని చేతి గడియారం చూసుకుంటున్నాడు. సరిగ్గా మూడూ ఇరవై ఎనిమిదికి లేచి, తల వంచి నిలబడ్డాడు. ఒక చెంప నున్నగా, ఒక చెంప తెల్లటి గడ్డంతో. దారిన పోయేవాళ్లు వెనక్కి తిరిగి మరీ చూశారు.

"ఆహా, ఏం నాటకం!" అన్నాడు బస్సు డ్రైవరు.

అందరూ నవ్వారు. బాబాయ్ కూడా నవ్వాడు.

నాలుగు నెలల తర్వాత ఒక ఉదయం, నలభై దాటిన ఒకావిడ సెలూన్ గుమ్మంలో నిలబడింది. లోపల బాబాయ్ ఒక్కడే ఉన్నాడు.

"ఇక్కడ ఆడవాళ్లకి చేయమమ్మా."

"అందుకు కాదండీ. ఆ మధ్య మా నాన్న మీ దగ్గర సగం గడ్డం చేయించుకున్నాడు."

బాబాయ్ గతుక్కుమన్నాడు. ఆ రోజు నుంచీ ఆ సగం గడ్డం అతన్ని లోలోపల గుచ్చుతూనే ఉంది.

"తప్పు నాదేనమ్మా. ఆయన్ని ఒక్కసారి రమ్మను."

"పోయిన నెల పోయాడండీ. మీకు చెప్పాల్సింది చెప్పి రమ్మన్నాడు."

బాబాయ్ కుర్చీలో కూలబడ్డాడు. అద్దానికి ఎదురుగా తనే కూర్చోవడం అతనికి అలవాటు లేదు.

"నాన్న ఆ ట్రాక్ ఊడ్చేవాడు" అందావిడ. "ఇసుకా, టైరు ముక్కలూ ఎత్తే పని. తూనీగ కారు గుద్దుకున్నప్పుడు ఆ మలుపులో ఉన్నాడు. అందరికంటే ముందు ఉరికాడు. కారు రేకులు కోసి అతన్ని బయటికి తీసే మిషను వచ్చేసరికి పదకొండు నిమిషాలు పట్టింది. అంతసేపూ అతని చెయ్యి పట్టుకునే ఉన్నాడు. మిషను రావడం, ప్రాణం పోవడం ఒకటేసారి."

"మరి మైకులో..."

"జనాన్ని ఖాళీ చేయించాలని అలా చెప్పేశారట."

"ఇన్నేళ్లూ ఎవరికీ చెప్పలేదేమమ్మా?"

"చెయ్యి పట్టుకుని కూర్చున్నావు గాని కాపాడలేకపోయావా అంటారని భయం. తూనీగ ఒంటరిగా పోయాడని మీరు కుమిలిపోతున్నారని ఎవరో అన్నారట. అది విని ఉండబట్టలేక వచ్చాడు."

బాబాయ్ ముందుకు వంగి అడిగాడు.

"ఏమైనా మాట్లాడాడా తల్లీ, మా తూనీగ?"

"ఒకటే అడిగాడటండీ, మళ్లీ మళ్లీ. మావాళ్లు ఉన్నారా, వెళ్లిపోయారా అని. అప్పటికే గ్యాలరీలో నరపురుగు లేదు."

ఆవిడ పైటకొంగుతో కళ్లు ఒత్తుకుంది.

"ఒక్కరూ కదల్లేదు బాబూ, అందరూ నీకోసం నిలబడే ఉన్నారు అని, అతను అడిగినప్పుడల్లా అబద్ధం చెప్పింది మా నాన్నేనండీ."