దుప్పటి కప్పిన బొగ్గు

“పొట్టు పొయ్యి తీస్కపో అన్నా. కోత మిషిను కాడ రంపపు పొట్టు ఊకెనే ఇస్తరు,” అన్నాడు దుకాణదారు లక్ష్మీరాజం. “గీ కిరసనాయిలు పొయ్యి మంచిదే గని జర పిరం.”

కైలాసం రెండింటినీ తిప్పి తిప్పి చూశాడు. హుజూరాబాదులో మగ్గం ఆపి, జమ్మికుంటలో రైలెక్కి, పొద్దున్నే ఈ గని ఊళ్లో దిగాడు. చెల్లెలు అనసూర్యకు ఉన్నది ఒక్కగానొక్క కూతురు, మూడేళ్ల నర్మద. దగ్గుకు ఆ పసిదాని డొక్కలు ఎగిరెగిరి పడుతున్నాయి. గది వెచ్చగా ఉంచకపోతే పిల్ల దక్కదని దవాఖానా డాక్టరు మొహం మీదే చెప్పాడు. అది కంపెనీ క్వార్టరు, పైన రేకులు. ఎండాకాలం పెనం మీద ఉన్నట్టు, చలికాలం బావిలో ఉన్నట్టు ఉంటుంది.

“గీ ఫ్యాను గూడ చూడు. చలికాలమని అగ్గువకు ఇస్త. ఎండలు ముదిరినంక వస్తె గీ ధరకు దొరకది.”

“ముందు గీ చలి గడవనియ్యి సేటూ. పిల్ల బతికితె గద ఫ్యాను!”

“ఎవరింటికి?”

“ఇస్తారి ఇంటికి. పోయినేడు గనిల అగ్గి లేచి సచ్చిపోయిండు గద, ఆయన మా బావ.”

లక్ష్మీరాజం పొయ్యిని మళ్లీ గూట్లో పెట్టేశాడు. “ఆయన పెండ్లానికి కంపెనీ నెలనెలా బండెడు బొగ్గు పంపుతది. చేతుల వెన్న పెట్టుకోని నెయ్యికి ఊరంత తిరిగినట్టున్నది నీ కథ.”

కైలాసానికి తల కొట్టేసినట్టయింది. కుంపట్లోకి ఏమీ లేదనే కదా పొద్దున అనసూర్య చెప్పింది! వట్టి చేతులతో వెనక్కి నడిచాడు.

అనసూర్య ఇంట్లో లేదు. మొగుడు పోయాక కంపెనీ ఆమెకు గని ఒడ్డున బొగ్గులో రాళ్లు ఏరే పని ఇచ్చింది. పక్కింటి చంద్రవ్వ పిల్ల దగ్గర కూర్చుంది. కైలాసం సరాసరి పెరట్లోకి వెళ్లాడు. మోకాలెత్తు కుప్ప. దాని మీద ఎర్రంచు దుప్పటి, నాలుగు మూలలా రాళ్లు పెట్టి, ముడత లేకుండా కప్పి ఉంది.

ఆ దుప్పటి అతను నేసిందే. చెల్లెలి పెళ్లికని చేతులు కాయలు కాసేలా నేశాడు. లోపల పిల్ల చిరుగుల బొంతలో గజగజ వణుకుతుంటే, మేనమామ నేసిన దుప్పటి బొగ్గుకు కప్పుతుందా! కైలాసానికి ఒళ్లు మండిపోయింది.

“దసర దాక మంచిగనే కాల్చింది బిడ్డా,” అంది చంద్రవ్వ. “గీ నెల బండి వచ్చినకాడికెల్లి ముట్టనిస్తలేదు. నా కుంపటన్న తెస్తనంటె, వద్దని గడపల అడ్డం నిలవడ్డది.”

“అమ్ముకుంటదా?”

“ఏమో! ఒంటి ఆడది. దేనికి దాస్తుందో ఎవలకెరుక?”

బావ పోయినప్పుడు కైలాసం టైఫాయిడ్‌తో మంచంలో ఉన్నాడు. చివరి చూపు దక్కలేదు. లేచి వచ్చేసరికి నెల దాటింది. చెల్లెలు ఆ రోజు సంగతి ఒక్క మాటా చెప్పలేదు, అతనూ గుచ్చి అడగలేదు. ఆనాడు ఆదుకోలేకపోయానన్న బాధ అతన్ని ఇప్పటికీ తొలుస్తోంది. ఈ పిల్లనైనా చేజారనివ్వకూడదు.

దుప్పటి లాగి అవతల పడేశాడు. కుంపటి నిండా బొగ్గు పోసి, పెరట్లోనే అంటించి, పొగంతా పోయాక లోపలికి తెచ్చాడు.

“కిటికి మూయకు బిడ్డా. మూసిన అర్రల బొగ్గు కుంపటి పాణం తీస్తది,” అని చంద్రవ్వ హెచ్చరించింది.

కైలాసం కిటికీ బార్లా తెరిచి, దుప్పటి దులిపి పిల్లకు కప్పి, కదలకుండా కాపలా కూర్చున్నాడు. పొద్దు వాలేసరికి వణుకు తగ్గింది. దగ్గు నెమ్మదించింది. ముడుచుకున్న వేళ్లు విచ్చుకున్నాయి.

“మామా, ఆకలైతుంది,” అంది నర్మద.

ఆ మాటకు కైలాసం కళ్లు నిండాయి. గబగబా గంజి కాచి తాగించాడు.

సైరన్ మోగిన కాసేపటికి అనసూర్య వచ్చింది. గడపలోనే ఆగిపోయింది.

“గా బొగ్గు ఏడిది?”

“ఏడిదేంది? నీ పెరట్లదే!”

ఆమె నీళ్ల బిందె ఎత్తి కుంపటి మీదికి ఉరికింది. కైలాసం చెయ్యి పట్టుకుని ఆపాడు.

“పిచ్చి లేసిందా? కడుపుల పుట్టిన పిల్లకంటె బొగ్గు ఎక్కువైందా నీకు? ఎవలకు అమ్ముదామని దాసినవ్?”

ఆ గొడవకు నర్మద కళ్లు తెరిచింది.

“అవ్వా, ఎచ్చగున్నది,” అని తల్లిని చూసి నవ్వింది.

ఆ నవ్వు చూసి ఎన్నాళ్లయిందో! అనసూర్య బిందె మెల్లగా కింద పెట్టింది. నిప్పుల ముందు చతికిలబడి, రెండు చేతులూ జోడించి చాలాసేపు ఏడ్చింది. తర్వాత పిల్లను పక్కతో సహా కుంపటికి ఇంకాస్త దగ్గరికి జరిపింది. నర్మద మళ్లీ నిద్రలోకి జారుకుంది.

కైలాసం మెత్తబడ్డాడు. “ఏమున్నదే చెల్లె గీ బొగ్గుల, గింత దాసుడు?”

“పోయినేడు అగ్గి లేచిన సొరంగం ఉన్నది గదనె అన్నా. మంటకు గాలి అందకుంట గోడ కట్టి మూసిండ్రు. దసర ఎల్లినంక గోడ పలగ్గొట్టి మళ్ల తవ్వుతుండ్రు. నేను రాళ్లు ఏరేది గా బొగ్గులనే. గీ బండి గూడ, చంద్రవ్వ ఇంటి బొగ్గు గూడ అండ్లకెల్లి వచ్చిందే.”

“అయితేంది? బొగ్గు బొగ్గే గద!”

“మీ బావను బయటికి తియ్యకుంటనే గా గోడ కట్టిండ్రన్నా.”