మేఘకేతు నుదుటి మచ్చ

“ఈయన మేఘకేతు కాదు!”

పార్సిల్ చింపి పుస్తకం బయటకు తీసిన మరుక్షణమే లక్ష్మీరాజం అరిచాడు. వంటింటి గడప దగ్గర చింతపండులో గింజలు ఏరుతున్న తల్లి రామవ్వ ఉలిక్కిపడింది.

“ఏమైందిరా?”

“నుదుటి మీద ఎర్రమచ్చ ఏదవ్వా? పసుప్పచ్చ బూట్లేవి? తెల్లబూట్లు తొడిగిండ్రు!”

రామవ్వ అట్టమీది బొమ్మను కాసేపు చూసి, చింతపండు పక్కకు జరిపి స్నానానికి లేచింది.

ఎప్పుడో ఆగిపోయిన ‘మేఘకేతు’ బొమ్మల పుస్తకాలు మళ్లీ వస్తున్నాయని తెలిసినప్పటి నుంచి, చొప్పదండిలో ఎరువుల దుకాణం నడిపే ఈ యాభై ఏళ్ల మనిషి కాలు ఒకచోట నిలవలేదు. ఆదివారం కరీంనగర్‌లో ఆవిష్కరణ. పాత అభిమానిగా పుస్తకం విడుదల చేయాల్సింది ఆయనే.

ఇంటర్ చదివే కూతురు నవ్యశ్రీ పుస్తకం అందుకుంది. “మంచిగనే ఉన్నడు గద బాపూ. మచ్చెందుకు, అందం చెడగొట్టనీకా?”

“ఆయన బలమంత గా మచ్చల్నే ఉంటది. అది లేకుంటే ఎట్ల ఎగురుతడు?”

“నీ మేఘకేతు అభిమానుల వాట్సాప్ గ్రూపుల మొదటిసంది అందరు మచ్చ లేదనే అంటుండ్రు. ఆసిఫాబాద్ పరశురాములు సారైతే, నీకు చిన్నప్పుడే కళ్లద్దాలు పెట్టాల్సుండె అని రాసిండు.”

ఆ మాట లక్ష్మీరాజానికి గుచ్చుకుంది. చిన్నప్పుడు బడిలో దెబ్బలు తిన్న ప్రతిసారీ కళ్లు మూసుకుని ఆ ఎర్రమచ్చనే తలచుకునేవాడు. ఏడుపు ఆగిపోయేది. మచ్చే లేదంటే, అప్పుడు తనను ఆదుకున్నది ఎవరు?

హైదరాబాద్‌లోని ప్రచురణకర్త శరత్‌చంద్రకు ఫోన్ కలిపాడు.

“మచ్చ పెట్టకుంటే నేను స్టేజీ ఎక్క సార్. ముందే చెప్తున్న.”

“మాకు దొరికిన కాపీల్లో మచ్చ లేదండి. మా నాన్నగారు గీసిన అసలు బొమ్మలనేమో చెదలు తినేశాయి. మీకు పంపింది నమూనా మాత్రమే. ఇంకాసేపట్లో అచ్చుకు ఇస్తున్నాం. మీ పాత కాపీ ఫొటో పంపండి, మచ్చ ఉంటే తప్పకుండా మారుస్తాను.”

లక్ష్మీరాజం అటక మీది ఇనుప పెట్టె దింపాడు. ఏళ్ల తరబడి విప్పని ప్లాస్టిక్ కవర్లు విప్పాడు. కళ్లు సగం మూసుకునే మొదటి అట్ట వైపు చూశాడు.

నుదుటి మధ్య ఎర్రటి మచ్చ. కాస్త మసకబారింది గానీ ఉంది. కింద పసుప్పచ్చ బూట్లు. ఒక్కదాని మీద కాదు, అన్ని సంచికల మీదా.

“చూడు! గిప్పుడేమంటవ్?”

నవ్యశ్రీ పేజీలు తిప్పింది. “లోపలి బొమ్మలల్ల లేదు గద బాపూ?”

“లోపల బలం దాచుకుంటడు. అట్టమీదనే బయటపెడ్తడు. నీకు తెల్వదు తీయ్.”

ఫొటోలు వెళ్లాయి. లక్ష్మీరాజం ఫోను చేతిలో పట్టుకుని వాకిట్లో అటూ ఇటూ తిరిగాడు. దుకాణం నుంచి పనివాడు రెండుసార్లు ఫోన్ చేసినా ఎత్తలేదు. చివరికి శరత్‌చంద్ర గొంతు వినిపించింది.

“మీరే కరెక్ట్ సార్! మీవి మొట్టమొదటి ముద్రణవి అయ్యుంటాయి. మచ్చ, బూట్లు రెండూ మార్చేశాం. అచ్చు మొదలైంది. ఇక మన మేఘకేతు అంటే ఇదే రూపం.”

లక్ష్మీరాజం ఆ సంగతి గ్రూపులో పెట్టాడు. పరశురాములు దండం పెట్టే బొమ్మ పంపాడు. ఆ దండం చూసుకుంటూ లక్ష్మీరాజం కుర్చీలో జారగిలబడ్డాడు. తాను చూసిందీ నిజమే, నమ్మిందీ నిజమే. గుండె తేలికైంది.

అప్పుడే రామవ్వ తడి జుట్టుతో, పసుపు కుంకుమల పళ్లెం పట్టుకుని దేవుడి గదిలోంచి వచ్చింది. కొత్త పుస్తకాన్ని ఒళ్లో పెట్టుకుంది. తడిపిన పసుపు తీసి మేఘకేతు కాళ్లకు నిదానంగా రాసింది. ఉంగరపు వేలు కుంకుమలో అద్ది ఆయన నుదుట పెట్టి, కళ్లకద్దుకుని, పుస్తకాన్ని కొడుకు చేతికి ఇచ్చింది.

“గింతదానికి గంత పరేషాన్ ఎందుకు బిడ్డా? గాల్ల ఎగిరే దేవుడాయె, నీ చిన్నప్పుడు గూడ నువ్వు పుస్తకం ఇంటికి తేంగనే నేనే పెడ్తుంటి గద!”