రెండో టోప్లీ

"రెండూ తియ్యాలమ్మా. ఒంటి మీద ఏ లోహమూ ఉండొద్దు. లోపలున్నది పెద్ద అయస్కాంతం" అంది షాకేరా. స్కానింగ్ సెంటర్లో ఆడవాళ్లను మిషన్ గదిలోకి తీసుకుపోయేది ఆమే.

రూప్లి రెండు చేతులతో చెంపలు మూసుకుంది. జుట్టుకు కట్టిన వెండి టోప్లీలు అరచేతులకు చల్లగా తగిలాయి. పెళ్లినాడు కట్టినవి. తండాలో వాటిని మొగుడు పోయిన ఆడదానికే విప్పుతారు. తలస్నానానికైనా సరే, రూప్లి ఒకటి విప్పి, మళ్లీ కట్టుకున్నాకే రెండోదాన్ని ముట్టేది.

"నా మొగుడు బతికే ఉన్నడమ్మా."

"ఉండనీ. నూరేండ్లు ఉండనీ. గంటసేపు తీస్తే ఏమైతది?"

"ఒక్కటన్నా ఉంచుకుంట."

"ఒక్కటున్నా ఫొటో చెడిపోతది. బయట మంది ఉన్నరు, జల్దీ."

రెండేళ్లుగా రూప్లి కుడి రొమ్ములో గడ్డలు. ఒకటి పగిలి చీము కారి మానేలోపు పక్కన ఇంకోటి లేస్తుంది. క్యాన్సర్ కాదన్నారు. టీబీ కాదన్నారు. మొండి వాపు జబ్బన్నారు. మాత్రలకు ముఖం గుమ్మడికాయలా ఉబ్బింది. ఇన్నాళ్లూ జెల్లు పూసి చూసే స్కానే సరిపోయింది. ఈసారి లోపలి సంగతి తేలడం లేదని డాక్టరు ఇక్కడికి పంపాడు. తగ్గకపోయి ఉంటే రొమ్ము తీసెయ్యాల్సిందే అన్నాడు.

తోడుగా మొగుడు దేవ్‌సింగే రావాలి. కానీ అతను అడవి జ్వరంతో మంచం పట్టాడు. "నా జరం రేపో మాపో దిగుతది. నీ తారీకు తప్పితే మళ్ల ఎప్పుడిస్తరో. నువ్ పో" అని మంచంలోంచే గదిమాడు. ఆమె తమ్ముడు లాలును తోడిచ్చి ఖమ్మం పంపాడు.

ఇవాళ పొద్దున్నే ఖమ్మంలో దిగగానే లాలు ఎస్టీడీ బూత్‌కు పోయి, తండాలో కిరాణా కొట్టుకు ఫోన్ చేసి వచ్చాడు.

"బావకు జరం దిగిందంటక్కా. గంజి తాగి పండుకున్నడంట."

అప్పుడుగానీ రూప్లికి టీ గొంతు దిగలేదు. లాలు గ్లాసు మాత్రం అరుగు మీదే చల్లారిపోయింది.

"గంత భయమేందిరా? స్కాను నాకా, నీకా?" అని నవ్వింది కూడా.

ఇప్పుడా నవ్వు లేదు. తలుపు తోసుకుని బయట కూర్చున్న లాలు దగ్గరికొచ్చింది.

"పా, ఇంటికి పోదాం. రొమ్ము కోసినా మంచిదే. ఇవి మాత్రం ఇప్ప."

తండాలో లాలును మించిన పట్టింపు మనిషి లేడు. అక్క పక్షానే మాట్లాడతాడనుకుంది.

"తియ్యక్కా" అన్నాడు లాలు.

"నువ్వేనా గిట్ల అనేది? మీ బావకేమన్నా అయితే?"

లాలు వంగి ఆమె కాళ్లు పట్టుకున్నాడు. "నీకు దండం పెడ్త. పిల్లలకు నువ్వుండాలె."

రూప్లి కుప్పకూలినట్టు బల్ల మీద కూర్చుంది. ముడులు అతనే విప్పాడు. రెండోదాని ముడి ఎంతకీ రాలేదు. చివరికి రెండింటినీ తువ్వాలులో మూట కట్టాడు.

"పైలం. నేను రాంగనే కట్టాలె" అంది రూప్లి.

మిషన్ లోపల సుత్తులతో కొట్టినట్టు చప్పుడు. బోసిపోయిన చెంపలు గుర్తొచ్చినప్పుడల్లా మనసులోనే మొగుడికి తప్పు ఒప్పుకుంది. ఇదొక్కసారే, ఇంకెప్పుడూ ఇప్పనని మొక్కుకుంది.

స్కాన్ చూసిన అక్కడి డాక్టరమ్మ పిలిచి కూర్చోబెట్టింది. "చీము గూళ్లు ఎండిపోయాయమ్మా. వాపు సగానికి పైగా తగ్గింది. ఇక కోత అక్కర్లేదు, మాత్రలు మానకు."

రూప్లి జుట్టు విరబోసుకునే బయటికి ఉరికింది.

"లాలూ, కొయ్యరంట! తగ్గిందంట! మీ బావకు ఫోన్ చెయ్యి. ఆగాగు, ముందుగాల ఇవి కట్టు."

నేల మీద కూర్చుని, తమ్ముడి వైపు చెంప తిప్పి, కళ్లు మూసుకుంది. ఎంతసేపటికీ చెయ్యి పడలేదు.

"ఏందిరా, కట్టవేంది?"

"ఇంక కట్టొద్దక్కా," అన్నాడు లాలు, మూటను గుండెకు అదుముకుని, "పొద్దుగాల ఫోన్ల చెప్పింది బావకు జరం దిగిందని కాదు."