కదలని డాబా

“కొండ కదిలిందా? కొండే కదిలితే ఇంక కదలంది ఏముంటుందే!”

ఫోను చెవికి నొక్కిపెట్టుకుని, అమ్మ వంటగదిలోంచి వరండాలోకి, వరండాలోంచి వంటగదిలోకి కాలు కాలిన పిల్లిలా తిరుగుతోంది.

“అరవకమ్మా. వేలెడు కూడా కాదు,” అంది అవతల నుంచి కూతురు చిట్టి. “వానలకి మట్టి జారుతుందేమోననే కదా మేమిక్కడ డేరా వేసుకుని కూర్చుంది.”

“జారే కొండ మీద డేరా వేసే తెలివికి అంత చదువొకటి!”

చిట్టిది భూమి కదలికలు కొలిచే ఉద్యోగం. వాగుకు అవతలున్న కొండ మీద సిమెంటు స్తంభాలు పాతి, ఒక్కోదాని నెత్తిన ఒక తెల్లటి యాంటెన్నా పెట్టారు. ఉపగ్రహాల నుంచి వచ్చే సంకేతాలను అవి పట్టుకుంటాయి. అలాంటిదే మరొకటి వాగుకు ఇవతల గట్టు మీదున్న వీళ్ళ డాబాకు బిగించారు. ఇక్కడి నుంచి ఒక్కో స్తంభం ఎంత దూరంలో ఉందో రోజూ లెక్కగడతారు.

బిగించిన రోజున అమ్మ ఊరుకోలేదు. పిడుగు పడుతుందంది. గాలికి ఊడి ఎవరి నెత్తినో పడితే జైలుకెళ్ళాలంది. “ఊళ్ళో ఇన్ని డాబాలుండగా మనదే దొరికిందా?” అని నిలదీసింది.

“ఏదో ఒకటి కదలనిది ఉంటేనే కదమ్మా, మిగతావి కదిలాయో లేదో తెలిసేది! ఇక్కడైతే కరెంటుంది, కాపలాకి నువ్వున్నావు. పైగా మన డాబా నీకంటే మొండిది.”

అప్పట్నుంచీ అమ్మకు కంటి మీద కునుకు లేదు. పిల్ల కొండ మీద, మబ్బు నెత్తి మీద. వీధి తలుపు పట్టేసి ఎంత గుంజినా రావడం లేదు. చెక్క తడికి ఉబ్బిందనుకుంది. వడ్రంగిని పిలవడానికి కూడా మనసొప్పక పెరటి దారినే తిరుగుతోంది. ఇల్లెక్కడికి పోతుంది? ముందు పిల్ల క్షేమంగా దిగిరావాలి.

మర్నాడు పొద్దున్నే మళ్ళీ ఫోను చేసింది. చిట్టి గొంతులో వేళాకోళం లేదు.

“స్తంభాలన్నీ జరిగాయమ్మా.”

“అన్నీనా?”

“కూడబలుక్కున్నట్టు అన్నీ ఒకేలా, మనింటి వైపే. కొండంతా ఒక్క ముక్కలా వస్తున్నట్టుంది. మా సారుకీ అంతు పట్టడం లేదు. దూరంగా ఇతర దేశాల్లో ఇలాంటి యాంటెన్నాలున్న కేంద్రాలతో కలిపి మళ్ళీ లెక్క చూస్తామన్నారు.”

“ఆయన్ని తీరిగ్గా చూసుకోమను. నువ్వు దిగు. నువ్వొచ్చేదాకా నేను పచ్చి మంచినీళ్ళు ముట్టను.”

“బెదిరించకమ్మా!”

“బెదిరింపేంటే? ఏదీ, ఫోను మీ సారుకియ్యి.”

ఆవిడ ఆ పెద్దమనిషికి ఏం వడ్డించిందో గానీ, మధ్యాహ్నానికల్లా డేరాలు పీకేశారు. మిగతావాళ్ళు ఆఫీసుకు వెళ్ళిపోయారు. చిట్టి తడిసి ముద్దై, బురద బూట్లతో పెరటి గుమ్మంలో నిలబడింది.

అమ్మ దాని తల తుడిచింది, తిట్టింది, మళ్ళీ తుడిచింది. వేడిగా అన్నం పెట్టింది. మధ్య గదిలో మంచం వాల్చి, దుప్పటి మెడదాకా కప్పింది.

“ఇక్కడ నీకేం భయం లేదు. హాయిగా పడుకో.”

చిట్టి పడుకున్నదే తడవుగా నిద్రపోయింది. అమ్మ మాత్రం కిటికీ దగ్గరకెళ్ళి కొండను చూస్తుంది, వచ్చి పిల్లను చూస్తుంది, మళ్ళీ కిటికీ దగ్గరకెళ్తుంది. ఇంతలో ఫోను మోగింది. పిల్ల ఎక్కడ లేస్తుందోనని గబుక్కున తీసింది. సారు.

“మీ అమ్మాయేదమ్మా?”

“పడుకుంది బాబూ. ఇప్పుడు లేపను. మళ్ళీ కొండెక్కమంటే మాత్రం మర్యాదగా ఉండదు, ముందే చెప్తున్నా.”

“లేపండమ్మా! ఇద్దరూ ఉన్నపళంగా బయటికి వచ్చెయ్యండి!” ఆయన కేకేశాడు. “దూరపు కేంద్రాలతో కలిపి లెక్క చూశాం.”

“ఏం తేలింది?”

“కొండ మీద స్తంభాలు ఎక్కడివక్కడే ఉన్నాయమ్మా, జారుతున్నది మీ ఇల్లు!”