ఐదో బొమ్మ

"ఇంట్లో ఎంతమందో అన్ని బొమ్మలు. ఒక్కటి ఎక్కువ కాకూడదు, ఒక్కటి తక్కువ కాకూడదు!"

అని చెప్పి రత్నమాల తడిమట్టి ముద్దలు పంచింది. పిల్లలు బొమ్మలు చేసి పలకల మీద నిలబెడుతుండగా వీధి తలుపు దబదబా మోగింది.

పిల్లల చేతులు ఆగిపోయాయి. ఆంధ్రావాళ్ళు వెళ్ళిపోవాలంటూ చిక్కడపల్లిలో వారం నుంచీ గొడవలే. నారాయణగూడ చౌరస్తాలో బస్సు తగలబడింది. బడులు మూసేశారు. పక్కవాటా గుంటూరువాళ్ళు బెజవాడ రైలెక్కేశారు. రత్నమాలదీ గుంటూరే, పైగా ఒంటరిది. అయినా బస్తీ పిల్లలకు తన వరండాలో చెప్పే ఈ ఆటల లెక్కలు ఆపనంది.

పొద్దున కూతుర్ని దింపడానికొచ్చిన మట్టిపని కూలీ మాసయ్య ఆమె ముఖంలోకి చూడలేదు. "నేనొచ్చేదాంక యాడికి పోకమ్మా, జర మాట్లాడేదుంది" అని గొణిగి వెళ్ళిపోయాడు. తననూ పొమ్మంటాడేమోనని ఆమె అనుమానం.

తలుపు తీస్తే జమేదారు కిషన్ రావు, వెనక ఇద్దరు పోలీసులు.

"బస్సు కాలవెట్టిన పోరడు ఈ బస్తీలనే ఎవరింట్లనో దాగిండు. పెద్దోళ్ళు నోరిప్పుతలేరు." అతని చూపు పలకల మీద పడింది. "ఏందమ్మా ఈ బొమ్మలు?"

"లెక్కలండీ. ఇంట్లో ఎంతమందో చేసి చూపిస్తారు," అనేసి రత్నమాల నాలిక కరుచుకుంది.

జమేదారు నవ్వాడు. ఒక్కో పలకా చూస్తూ వచ్చి మాసయ్య కూతురు కురుమమ్మ ముందు గొంతుక్కూర్చున్నాడు.

"ఎవరెవరు బిడ్డా?"

"నాయిన, అమ్మ, అవ్వ, నేను."

"మరి గీ ఐదోది?"

కురుమమ్మ పెదవులు బిగించి రత్నమాల వైపు చూసింది.

రత్నమాలకు తెలుసు. ఆ ఇంట్లో ఉండేది నలుగురే. మాసయ్య ముఖం చాటేసింది ఇందుకన్నమాట! ఆ కుర్రాడు తనలాంటివాళ్ళను పొమ్మని అరిచినవాడే అయ్యుంటాడు. ఊరుకుంటే చాలు, పట్టుకుపోతారు. వాడితోపాటు ఈ పసిదాని తండ్రినీ ఈడ్చుకుపోతారు.

ఆమె వంగి ఐదో బొమ్మను పిడికిట్లో నలిపేసింది.

"ఎన్నిసార్లు చెప్పానే? నలుగురికి నాలుగేనని! దీనికి నాలుగు దగ్గర ఆగడం ఇంకా రాలేదండీ."

జమేదారు ఆమెను ఎగాదిగా చూశాడు. "మీరు గుంటూరోళ్ళు గద. వీళ్ళకోసం అబద్ధమాడే పని మీకేముంటదిలే," అని లేచి వెళ్ళిపోయాడు.

ఆమె గడియ వేసి వచ్చింది. కురుమమ్మ వెక్కివెక్కి ఏడుస్తోంది. రత్నమాల దాన్ని ఒళ్ళోకి తీసుకుంది.

"ఏడవకు తల్లీ. ఆ మనిషి సంగతి ఎవరితోనూ అనకు, ఏం?"

"నాయిన గూడ గట్లనే జెప్పిండు. గొడవలు సల్లబడేదాంక మనింట్లనే దాస్తమన్నడు."

"ఎవరినమ్మా?" అడగకూడదనుకుంటూనే అడిగేసింది.

కురుమమ్మ కళ్ళు తుడుచుకుంది.

"నిన్నే, టీచరమ్మా."