కాలనీ కట్టకముందు మ్యాపు

"మీ కొత్తింట్లో తలుపులు సరిగ్గా పడుతున్నాయామ్మా?"

మున్సిపల్ ఆఫీసు రికార్డు కీపర్ ఉలిక్కిపడి తలెత్తింది. కిటికీ అవతల ఆ ముసలాయనే! వరసగా నాలుగో రోజు.

మొదటి మూడు రోజులూ ఒకటే మాట. "మూడో వీధి స్థలం పాత మ్యాపు కావాలమ్మా. కాలనీ కట్టకముందుది."

మూడు రోజులూ ఆమెదీ ఒకటే మాట. "లేదండీ. చెదలు తినేశాయి."

ఏ చెదలూ తినలేదు. మ్యాపు ఆమె సొరుగులోనే ఉంది, చుట్ట చుట్టి, దారం కట్టి. ఆమె కూడా విప్పి చూడలేదు.

మూడో వీధి మూల ఇల్లు ఆమెదే మరి! దిగి నెల కూడా కాలేదు. పాత మ్యాపుల కోసం వచ్చేవాళ్లంతా బ్రోకర్లే. ఎవరి తాతదో హద్దు అంటూ కేసు వేస్తారు, ఇల్లు పదేళ్లు కోర్టులో మూలుగుతుంది. ఈ కిటికీలోంచి అలాంటివాళ్లని ఎంతమందిని చూడలేదు!

కానీ తలుపుల సంగతి ఈయనకెలా తెలుసు?

నిజంగానే పడట్లేదు. నిన్ననే వడ్రంగి వచ్చి అంచులు చెక్కి వెళ్లాడు.

"మా తలుపులతో మీకేం పనండీ?"

"మూల ఇల్లు మీదేనటగా. పైన అంతా మారిపోయింది, పోల్చుకోలేకపోతున్నా. నేల మీద నీళ్లు పోస్తే ఎటు పోతున్నాయమ్మా? గుమ్మం వైపా, లోపలికా?"

లోపలికే. పిల్లల గదిలోకి.

ఆమె ముందున్న ఫైలు మూసేసింది. అయినా ఆయనకి అర్థమైపోయినట్టుంది.

"పిల్లలు ఏ గదిలో పడుకుంటారు?"

అంతే! ఆమె లేచిన విసురుకి కుర్చీ వెనక్కి పడింది.

"అన్నయ్యా! ఓసారి ఇలా రండి!"

సీనియర్ గుమాస్తా టీ గ్లాసుతోనే వచ్చాడు. "ఏం పెద్దాయనా, కొత్తల్లుడిలా రోజూ దిగుతున్నావ్? ఆ మ్యాపుతో నీకేం పనో ముందు చెప్పు."

"చూడకుండా చెప్పకూడదు బాబూ. పక్కూళ్లో నోటిమాటగా చెప్తే పుకార్లు పుట్టిస్తున్నానని తన్నారు. కాగితం ఏదీ అన్నారు. అందుకే ముందు కాగితం."

"బెదిరిస్తున్నావా?"

"లేదు బాబూ. టైము లేదు, అంతే."

ఎంత మెల్లగా అన్నాడంటే, అరిచినా అంత భయం వేసేది కాదు.

ఆమె పోలీస్ స్టేషన్‌కి ఫోన్ చేసింది. జీపు వచ్చేసరికి కిటికీ దగ్గర ఎవరూ లేరు.

"మూడో వీధి వైపు పరిగెత్తాడటమ్మా, వాచ్‌మన్ చూశాడు," అన్నాడు గుమాస్తా. టీ గ్లాసు ఎక్కడో పెట్టేశాడు. జోకులూ ఆగిపోయాయి.

బడికి సెలవులు. ఇంట్లో ఇద్దరు పిల్లలు, అత్తగారు. ఇంకెవరూ లేరు!

జీపులో కూర్చుంటూనే ఇంటికి ఫోన్ కలిపింది. "అత్తయ్యా! తలుపులు వేసేయండి! ఎవరొచ్చినా తీయకండి!"

"వేద్దామంటే పడి చావట్లేదుగా! ఎవరో ముసలాడు గేటు దగ్గర ఒకటే కేకలే. అందరూ బయటికి రావాలట!"

"రావద్దు! ఏదైనా అడ్డం పెట్టండి!"

బల్ల ఈడుస్తున్న చప్పుడు. దభీదభీమని తలుపు మీద దెబ్బలు. చిన్నాడి ఏడుపు.

"అమ్మో, తోసుకుని వచ్చేశాడే! పిల్లల గదిలోకి—"

ఫోన్ కట్టయింది.

మళ్లీ చేసింది. మళ్లీ చేసింది. మోగట్లేదు కూడా!

జీపు మలుపు తిరిగింది. వీధంతా తెల్లటి దుమ్ము. ఆ దుమ్ములో, రోడ్డు మధ్యన, పిల్లలిద్దరూ. వాళ్లని గుండెకి అదుముకుని అత్తగారు.

వెనకాల సగం ఇల్లు ఉంది. పిల్లల గది లేదు. అక్కడ గొయ్యి ఉంది. రాయి వేస్తే చప్పుడు వినపడనంత గొయ్యి.

"చిన్నాణ్ణి చంకనేసుకుని, పెద్దదాన్ని చెయ్యి పట్టి లాక్కొచ్చాడే," అత్తగారికి మాట సరిగ్గా రావట్లేదు. "ఇద్దర్నీ నా మీదకి విసిరేశాడు. ఆయన కాలు ఇంకా గడప అవతలే ఉంది, గదంతా దిగిపోయింది. నువ్వు చెప్పావని నేను బల్ల అడ్డం పెట్టాను కదే... దాన్ని తోసుకుని రావడానికే అంతసేపు పట్టింది. లేకపోతే ఆయన కూడా..."

రికార్డు కీపర్ పిల్లలిద్దర్నీ దగ్గరికి లాక్కుంది.

మర్నాడు ఆ చావుని రిజిస్టరులో ఎక్కించాల్సింది ఆమే. ఆ ఉద్యోగమే ఆమెది.

గేటు దగ్గర దొరికిన సంచిలో ఒక గుర్తింపు కార్డు ఉంది. పేరు, వయసు అరవై నాలుగు. అంతకుమించి ఏమీ లేదు. తండ్రి పేరు గడి ఖాళీ. ఊరి గడి ఖాళీ. నావాడంటూ ఎవరూ రాలేదు.

ఆమె సొరుగు తెరిచింది. దారం విప్పింది.

మూడో వీధి ఉన్నచోట వీధి లేదు. భూమి కింద అటూ ఇటూ పాకిన సొరంగాలు, ఎప్పుడో మూసేసిన గనివి. సరిగ్గా ఆమె ఇంటిచోట ఒక అడ్డగీత, దాని పక్కన "కూలిన చోటు" అని రాసి, నలభై అయిదేళ్ల కిందటి తేదీ.

ఆమె నిచ్చెన వేసుకుని, అటక మీంచి ఆ ఏడాది మరణాల రిజిస్టరు దింపింది. ఆ తేదీ కింద ఒకే పేజీలో ఎనిమిది పేర్లు. శవాలు బయటికి తీయలేకపోయారని ఏడుగురి పక్కన రాసి ఉంది.

ఎనిమిదోది, పందొమ్మిదేళ్ల కుర్రాడిది, ఆ కార్డు మీదున్న పేరే. దాన్ని ఎర్రసిరాతో కొట్టేసి, పక్కన ఎవరో గుమాస్తా చిన్న అక్షరాలతో రాశాడు: "పొరపాటు. మూడో రోజున ప్రాణాలతో బయటికి తీశారు."