లోపలి జంతువు

నాంపల్లి మెట్రో దగ్గర నుంచి భార్య వెనకే చాటుగా నడిచి వచ్చిన ఆకాష్, అబిడ్స్‌లో ఆమె వెళ్లిన మేడమీది గది తలుపు తోశాడు. లోపల రశ్మి ఒక మగమనిషికి ఎదురుగా కూర్చుని ఉంది.

"ప్రతి శనివారం గీయన కోసమేనా వస్తున్నవ్?"

"మనసు డాక్టర్" అంది రశ్మి తడబడుతూ. "చిన్నప్పటి సంది లోపల నేనొక జంతువునని అనిపిస్తది. ఎందుకో తెల్సుకుందామని వచ్చిన."

"పిచ్చా, సార్?"

"కాదండీ. తన ఒళ్లు మనిషిదేనని ఆమెకు తెలుసు. కొందరికి ఊహ తెలిసినప్పటి నుంచే అలా అనిపిస్తుంది. కొందరు మనుషుల్లో ఇమడలేక, తాము జంతువులమన్న ఊహలో చోటు వెతుక్కుంటారు. ఈమె సంగతి ఇంకా మాట్లాడుకుంటున్నాం."

పరాయి మగాడన్న అనుమానం తీరింది గానీ, ఆకాష్ కడుపుమంట రెట్టింపైంది.

"గాయనకు చెప్పినవ్. నాకెందుకు చెప్పలే?"

"ఎవరో మనిషి కుక్క లెక్క నడిచే వీడియో చూసి పడీ పడీ నవ్వినవ్. ఇగ నీకేం చెప్పాలె?"

ఆ నవ్వు ఆకాష్‌కు గుర్తొచ్చింది. భార్యను ఈ గదికి పంపింది ఆ నవ్వే. కుర్చీ లాక్కుని ఆమె పక్కన కూర్చున్నాడు.

"ఏ జంతువు?"

రశ్మి అతని మొహంలోకి చూస్తూ చెప్పింది.

"నక్క."

ఆకాష్ నవ్వలేదు.

"లోపల ఎట్లుంటది? జర నాకూ చెప్పు."